ముంబై వానకు బిగుసుకుపోయిన చిమ్టా బోల్టు: విప్పే విధానం, తీసుకోవలసిన జాగ్రత్తలు

మన సరిహద్దు మండలాల పల్లెల్లో మహారాష్ట్ర నంబరు పలకతో తిరిగే మోటారు సైకిళ్లు కొత్త కాదు. ముంబైలో పని చేసుకునే కొడుకో, అల్లుడో అక్కడ కొన్న బండిని నాలుగైదేళ్లు నడిపి, పిమ్మట దేవగిరి ఎక్స్‌ప్రెస్ పార్సిలు పెట్టెలో నిజామాబాదు దాకా పంపడం చాలా కుటుంబాలకు అలవాటే. అటువంటి బండి పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇంజను కూడా బాగానే పలుకుతుంది. అయితే గతుకుల దారిలో వెనుక చక్రం పక్కకు జారినట్లు అనిపిస్తుంది. గుంటలో పడినప్పుడల్లా కిర్రుమని మూలుగు వినిపిస్తుంది. మెకానిక్కు చూసి, "బుష్షులు పోయాయి, మార్చాలి. కాని బోల్టు రావడం లేదు" అంటాడు.

ఆ రాని బోల్టు గురించే ఈ వ్యాసం. వెనుక చక్రాన్ని మోసే ఇనుప చట్రాన్ని బండి ఛాసిస్‌కు కలిపి ఉంచేది ఆ ఒక్క బోల్టే. దాని స్థితి తెలియకుండా భార్యాబిడ్డలను ఎక్కించుకొని సంతకు పోవడం ప్రమాదకరం. దానిని మొరటుగా విప్పబోయి ఛాసిస్‌ను పాడు చేసుకోవడం అంతకంటె నష్టం. అది ఎందుకు బిగుసుకుపోతుంది, ఎలా విప్పాలి, ఎక్కడ మన ప్రయత్నం ఆపి పెద్ద పనివాడికి అప్పగించాలి అన్న మూడు విషయాలను వరుసగా చూద్దాం.

కామాఠీపురాలో బండికి గూడు లేదు

ముంబైలోని కామాఠీపురాకు ఆ పేరు మనవారి వల్లనే వచ్చింది. 18వ శతాబ్దం చివరి సంవత్సరాల నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వలస వెళ్లి, ఆ నగరపు కట్టడాలకు రాళ్లెత్తిన కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు. వారు స్థిరపడిన వీధులే కామాఠీపురా అయ్యాయి. తరువాతి కాలంలో నేత పని తెలిసిన పద్మశాలీ కుటుంబాలు బట్టల మిల్లులలో చేరి వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాల చాళ్లలో కాపురాలు పెట్టాయి. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతపడగా, ఆ ఇళ్లలోని పిల్లలు వేరే పనులు వెతుక్కున్నారు. సరుకులు చేరవేసే పనికైనా, మేస్త్రీ పనికి ఊరి ఆ చివరకు పోవడానికైనా ఇప్పుడు మోటారు సైకిలు అవసరమైంది.

చాల్ అంటే ఒకే వసారా మీద వరుసగా గదులు ఉండే ఇల్లు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారం. మనుషులకే చోటు చాలని ఆ కట్టడాలలో బండికి కొట్టం ఎక్కడిది? అది గల్లీలోనే, ఆకాశం కిందనే నిలబడవలసిందే. జూన్ మొదలు సెప్టెంబరు వరకు ముంబైలో కురిసే వర్షం సాధారణంగా రెండు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. మన పాలమూరు వైపు ఏడాది పొడవునా కురిసేది అందులో మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. పైగా కామాఠీపురాకు సముద్రం ఎటు చూసినా రెండు మూడు కిలోమీటర్ల దూరమే. గాలిలో ఉప్పు తేమ ఎప్పుడూ ఉంటుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, ఉప్పు నీటిలో ఇనుము మంచి నీటిలో కంటె త్వరగా తుప్పు పడుతుంది.

ఇక వీధులు మునిగినప్పుడు చక్రాలు సగం దాకా నీటిలో ఉంటాయి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంతటి వరద ఏటా రాకపోయినా, ఇరుసు మునిగేంత నీరు పల్లపు గల్లీలకు ప్రతి వానాకాలంలోనూ వస్తూనే ఉంటుంది. ఆ నీరు దిగిపోయాక బండి పైభాగం ఆరుతుంది. బోల్టు చుట్టూ ఉన్న సన్నని సందులో దూరిన నీరు మాత్రం ఆరదు.

ఏ బోల్టు, ఎక్కడ ఉంటుంది?

వెనుక చక్రాన్ని రెండు వైపులా పట్టుకొని ఉండే పటకారు వంటి ఇనుప చట్రాన్ని ఇంగ్లీషులో స్వింగ్ ఆర్మ్ అంటారు. ముంబై మెకానిక్కులు దానిని చిమ్టా అంటారు. రూపం చూసినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పనక్కరలేదు. చిమ్టా ముందు కొసలు ఛాసిస్‌లో ఒక పొడవాటి బోల్టు మీద నిలుస్తాయి. చక్రం గుంటలో దిగి ఎక్కినప్పుడు చిమ్టా ఆ బోల్టు కేంద్రంగా పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపును షాకప్‌లు అణచిపెడతాయి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 మొదలు పల్లెల్లో మనం ఎక్కువగా చూసే సాధారణ బండ్లకు రెండు పక్కలా రెండు షాకప్‌లు ఉంటాయి. కొత్త రకాలలో కొన్నింటికి మధ్యలో ఒక్కటే పెద్ద షాకప్ ఉంటుంది.

బోల్టు నేరుగా చిమ్టాను తాకదు. మధ్యలో బుష్షు ఉంటుంది. చాలా సాధారణ బండ్లలో బుష్షు అంటే లోపల ఒక ఉక్కు గొట్టం, దాని చుట్టూ రబ్బరు, పైన మరొక ఉక్కు గొట్టం. బోల్టు ఆ లోపలి గొట్టం గుండా దూరి పోతుంది. గొట్టానికీ బోల్టుకూ మధ్య ఉండేది వెంట్రుక వాసి సందు. నీరు చేరేది అక్కడే, ఆరనిది కూడా అక్కడే.

ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది. తుప్పు రకాన్ని బట్టి అది మూల ఇనుము కంటె రెండు నుంచి ఆరు రెట్ల చోటును ఆక్రమిస్తుంది. సన్నని సందులో ఇలా ఉబ్బిన తుప్పు బోల్టునూ గొట్టాన్నీ మేకు దిగ్గొట్టినట్లు బిగిస్తుంది. తెలుగులో తుప్పు, మరాఠీలో గంజ్, హిందీలో జంగ్. పేరు ఏదైనా పని ఒక్కటే.

మూడు చోట్ల పట్టు

"బోల్టు పట్టేసింది" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు సమస్యలు ఇమిడి ఉన్నాయి. ఏది మన బండిలో ఉందో మొదట గుర్తించాలి.

మొదటిది, నట్టు మరలలో తుప్పు. పానా పెట్టి తిప్పితే నట్టే కదలదు. ఇది అన్నింటిలోకీ తేలిక.

రెండవది, బోల్టు కాడకూ బుష్షు లోపలి గొట్టానికీ మధ్య తుప్పు. నట్టు చక్కగా ఊడి వస్తుంది, బోల్టు తల తిప్పితే కొద్దిగా తిరిగినట్లు కూడా ఉంటుంది, కాని బయటికి రాదు. నిజానికి అక్కడ తిరిగేది బోల్టుతో పాటు అతుక్కున్న గొట్టం. రబ్బరు మెలి తిరుగుతూ ఉంటుంది. చేయి తీయగానే బోల్టు తల మళ్లీ వెనక్కు మళ్లితే ఇదే సమస్య అని గ్రహించాలి.

మూడవది, బోల్టు ఛాసిస్ రంధ్రాలలోనే అతుక్కుపోవడం. కొన్ని నమూనాలలో ఇదే బోల్టు ఇంజను వెనుక భాగాన్ని కూడా మోస్తుంది. అక్కడ ఉక్కు బోల్టు అల్యూమినియం లోహాన్ని తాకుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు నీటిలో కలిసి ఉంటే వాటి మధ్య బ్యాటరీలో జరిగే చర్య వంటిదే జరిగి, అల్యూమినియం తెల్లని పొడిగా మారి బోల్టును పట్టేస్తుంది.

బుష్షు అరిగిందా లేదా అన్నది ఇంటి వద్దనే చూసుకోవచ్చు. బండిని నడి స్టాండు మీద నిలిపి, ఒకరు ముందు భాగాన్ని పట్టుకోగా మరొకరు చిమ్టాను వెనుక కొస దగ్గర పట్టి ఎడమకూ కుడికీ నెట్టాలి. చక్రం కాక చిమ్టాయే టకటకమని కదిలితే బండిని ఆపి బాగు చేయించవలసిందే.

పనికి ముందు

చదునైన నేల మీద బండిని నడి స్టాండు వేసి, ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టాలి. బోల్టు ఊడినప్పుడు బరువు ఎటూ ఒరగకూడదు. గొలుసు మూత, అడ్డం వస్తే సైలెన్సరు, వెనుక చక్రం, షాకప్‌ల కింది బోల్టులు ఈ వరుసలో విప్పాలి. ఏ వాషరు ఎటువైపు ఉన్నదో చేతి ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే మళ్లీ బిగించేటప్పుడు వెదుకులాట తప్పుతుంది.

బోల్టు రెండు కొసలనూ వైరు బ్రష్షుతో తళతళలాడే దాకా రుద్దాలి. మట్టి మీద నూనె పోస్తే అది లోపలికి దిగదు. ఆ తరువాత తుప్పులోకి ఇంకే నూనెను నట్టు మీద, తల కింద, ఛాసిస్‌కూ చిమ్టాకూ మధ్య సందులో వేయాలి. డబ్బాలలో వచ్చే స్ప్రే నూనె దొరకనిచోట డీజిలులో కొంచెం ఇంజను నూనె కలిపి వాడవచ్చు, కాని దానికి సమయం ఎక్కువ పడుతుంది. నూనె వేసి, బోల్టు కొస మీద చిన్న సుత్తితో నెమ్మదిగా పది పన్నెండు సార్లు తట్టాలి. ఆ అదురుకు తుప్పు పొరలో సన్నని పగుళ్లు ఏర్పడి నూనె లోపలికి దిగుతుంది. సాయంత్రం ఒకసారి, పొద్దున్న ఒకసారి, మళ్లీ సాయంత్రం ఒకసారి ఇలా చేసి ఒక పూర్తి దినం వదిలివేయాలి. ఈ పనిలో తొందరపాటు వల్ల విరిగిన బోల్టులే ఎక్కువ.

నట్టు విప్పడం

నట్టుకు సరిగ్గా సరిపోయే గొట్టం పానాను గాని, రింగు పానాను గాని వాడాలి. సాగే పానా, రెండు కొసల వదులు పానా వాడితే నట్టు మూలలు అరిగిపోయి తరువాత ఏ పానా పట్టదు. అవతలి వైపు బోల్టు తలను మరొక పానాతో బిగించి పట్టుకోవాలి. మొదట కొద్దిగా బిగించే వైపు, పిమ్మట విప్పే వైపు బలం పెట్టాలి. అలా అటూ ఇటూ అనడం వల్ల తుప్పు పొర తెగుతుంది.

బలం చాలకపోతే పానాకు గొట్టం తొడిగి పొడవు పెంచడం అందరికీ తెలిసిన ఉపాయమే. అయితే దాని లెక్క తెలిసి ఉండాలి. 20 సెంటీమీటర్ల పానా కొస మీద 20 కిలోల బలం పెడితే నట్టు మీద పడేది 4 కిలో-మీటర్ల మెలి. అదే బలం 60 సెంటీమీటర్ల గొట్టం మీద పెడితే 12 కిలో-మీటర్లు అవుతుంది. చేతికి తేడా తెలియదు, బోల్టుకు తెలుస్తుంది. నట్టు కదలక, పానా స్పంజులా మెత్తగా మెలి తిరుగుతున్నట్లు అనిపిస్తే అక్కడే ఆగాలి. అది బోల్టు తెగబోతున్నదనడానికి గుర్తు. మళ్లీ నూనె వేసి మరొక రోజు వేచి ఉండడం మేలు.

బోల్టును బయటికి కొట్టడం

నట్టు ఊడిన వెంటనే మర కొస మీద సుత్తితో కొట్టడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. ఆ దెబ్బకు కొస పుట్టగొడుగులా విచ్చుకొని, రంధ్రంలో నుంచి ఇక ఎప్పటికీ దూరదు. నట్టును తిరిగి ఎక్కించి, దాని ముఖం బోల్టు కొసతో సమానంగా ఉండేటట్లు నిలిపి, దాని మీద ఇత్తడి ముక్కను గాని గట్టి చెక్కను గాని ఉంచి కొట్టాలి. కిలో బరువున్న సుత్తితో సూటిగా పడే ఒక్క దెబ్బ, చిన్న సుత్తితో కొట్టే ఇరవై దెబ్బల కంటె ఎక్కువ పని చేస్తుంది. బోల్టు తల ఉన్న వైపు ఛాసిస్‌కు ఆనించి మరొకరు బరువైన ఇనుప దిమ్మను పట్టుకుంటే దెబ్బ వృథా పోదు. దిమ్మ బోల్టు తలకు మాత్రం ఆనకూడదు.

షాకప్‌లు ఊడదీసి ఉన్నందువల్ల చిమ్టా స్వేచ్ఛగా ఊగుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య దానిని పైకీ కిందికీ ఊపుతూ, బోల్టు తలను పానాతో తిప్పుతూ, నూనె వేస్తూ ఉండాలి. ఒక మిల్లీమీటరు కదిలితే సగం పని అయినట్లే. నట్టు ఛాసిస్‌ను తాకగానే దానిని తీసివేసి, బోల్టు కంటె కొంచెం సన్నని ఇనుప కడ్డీతో మిగతా దూరం కొట్టాలి.

వేడి పెట్టడం

నూనెకు, సుత్తికి లొంగనిది వేడికి లొంగుతుంది. 14 మిల్లీమీటర్ల ఉక్కు రంధ్రాన్ని 200 డిగ్రీల మేరకు వేడి చేస్తే అది పెరిగేది ఇంచుమించు 0.03 మిల్లీమీటర్లు మాత్రమే. వెంట్రుక మందం కూడా కాదు. కాని తుప్పు పొర పగలడానికి ఆ మాత్రం చాలు. వేడి చేయవలసింది బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న భాగాన్ని. బోల్టును కాలిస్తే అదే ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది.

ఇక్కడ జాగ్రత్తలు ముఖ్యం. పెట్రోలు ట్యాంకును విప్పి దూరంగా పెట్టాలి. బ్యాటరీ తీసివేయాలి. అంతకు ముందు పూసిన నూనెను గుడ్డతో తుడిచి, అది మండవచ్చునని గుర్తుంచుకోవాలి. షాకప్‌లకు మంట ఎన్నడూ తగలరాదు. వాటిలో నూనె, కొన్నింటిలో ఒత్తిడితో నింపిన గ్యాసు ఉంటాయి. అవి పేలితే ప్రాణాపాయం. బుష్షులోని రబ్బరు ఎలాగూ కాలిపోతుంది గనుక కొత్త బుష్షులు చేతిలో ఉన్నప్పుడే వేడి పెట్టాలి, ఆ పొగను పీల్చరాదు. ఇవన్నీ చూస్తే ఈ పనిని వెల్డింగు దుకాణంలో చేయించడమే ఉత్తమం అని తెలుస్తుంది. ఇల్లూ ఇల్లూ ఆనుకొని, చెక్క వసారాలు, వంట గ్యాసు సిలిండర్లు పక్కపక్కనే ఉండే చాల్ గల్లీలో దీనిని చేయనే కూడదు. మన ఊళ్లో గడ్డివాము పక్కనా అంతే.

కోయవలసి వస్తే

వేడికి కూడా రాని బోల్టును కోయడం ఒక్కటే మార్గం. ఛాసిస్‌కూ చిమ్టాకూ మధ్య ఉన్న సందులో హాక్సా బ్లేడు దూర్చి గాని, పలుచని చక్రమున్న గ్రైండరుతో గాని రెండు వైపులా బోల్టును తెగ్గోస్తారు. అప్పుడు చిమ్టా విడిగా చేతికి వస్తుంది. దానిలో మిగిలిన బోల్టు ముక్కను, బుష్షులను లేతు పనివాడి వద్ద ప్రెస్సుతో నొక్కించి తీయిస్తారు. ఛాసిస్ రంధ్రాలలో మిగిలిన చిన్న ముక్కలు సాధారణంగా నాలుగు దెబ్బలకు ఊడిపోతాయి.

బోల్టు పోతే పోయింది, ఛాసిస్‌కు గాటు పడకూడదు. బరువంతా మోసే ఆ చోట పడిన గాటు కాలక్రమాన పగులుగా మారుతుంది. కోతకు కూర్చునే ముందే కొత్త బోల్టు, నట్టు, బుష్షులు సంపాదించి పెట్టుకోవాలి. ముంబైలో పనిముట్లకు నాగ్‌దేవి వీధి ప్రసిద్ధం. కామాఠీపురాకు సమీపంలోని చోర్ బజారులో పాత సామాను దొరుకుతుంది. అయితే ఈ ఒక్క బోల్టు విషయంలో పాత సామాను వద్దు. బలం తెలియని మామూలు ఇనుప బోల్టును కొలత సరిపోయింది గదా అని వేయడమూ కూడదు. ఆ బండికి ఉద్దేశించిన అసలు విడి భాగమే వాడాలి.

షాకప్ పై నట్టు సంగతి

రెండు షాకప్‌ల బండ్లలో పై కొసలు తరచుగా ఛాసిస్‌కు అతికిన స్టడ్డుల మీద ఉంటాయి. ఆ నట్టు రాకపోతే గొట్టం తొడిగి బలం పెట్టరాదు. నట్టు ఖరీదు కొద్ది రూపాయలే. స్టడ్డు విరిగితే ఛాసిస్‌కు వెల్డింగు చేయించవలసి వస్తుంది. అందువల్ల ఒక రోజు నూనెలో నాననిచ్చినా కదలని నట్టును ఉలితో పక్క నుంచి చీల్చి తీయడం తెలివైన పని. ఉలి స్టడ్డు మరలను తాకకముందే ఆగితే నట్టు విచ్చుకొని ఊడి వస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు

రంధ్రాలలోని తుప్పును గరుకు కాగితంతో శుభ్రం చేయాలి. కొత్త బోల్టు కాడకంతటికీ, గొట్టం లోపలికీ గ్రీజు పలుచగా పూయాలి. మళ్లీ పట్టేయకుండా కాపాడేది ఈ పూతే. మర మీద మాత్రం గ్రీజు పూయరాదు. మర జారుడుగా ఉంటే అదే బలానికి నట్టు అవసరానికి మించి బిగుస్తుంది. రబ్బరుకు కూడా గ్రీజు తగలనీయరాదు, అది ఉబ్బి చెడిపోతుంది.

రబ్బరు బుష్షు ఉన్న బండ్లలో మరొక సూక్ష్మం ఉంది. బోల్టును బిగించినప్పుడు లోపలి గొట్టం కదలకుండా నిలిచిపోతుంది, చిమ్టా ఊగినప్పుడు మెలి తిరిగేది రబ్బరు. చిమ్టా వేలాడుతుండగా నట్టును పూర్తిగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి త్వరగా చిరిగిపోతుంది. కాబట్టి చక్రం, షాకప్‌లు ఎక్కించి, బండిని రెండు చక్రాల మీద నిలిపిన తరువాతనే నట్టుకు చివరి బిగింపు ఇవ్వాలి. ఎంత బిగించాలన్నది బండితో వచ్చే సర్వీసు పుస్తకాన్ని బట్టి ఉంటుంది. పిమ్మట గొలుసు వదులు, చక్రం సూటి, బ్రేకు కడ్డీ, బ్రేకు పలక నట్టు చూసుకోవాలి. వారం రోజులు నడిపాక నట్టును మరొకసారి పానాతో పరీక్షించాలి.

ఏటా ఒక్క పూట

ఇంత శ్రమ తప్పించుకోవడానికి ఏటా ఒక్క పూట చాలు. ముంబైలో ఉన్నవారు మే నెలాఖరులో ఒకసారి, వానలు వెనుదిరిగాక అక్టోబరులో మరొకసారి ఈ బోల్టును బయటికి లాగించి, తుడిచి, గ్రీజు పూయించి వేయించుకోవాలి. వరద నీటిలో నిలిచిన బండికైతే నీరు దిగిన వారంలోనే ఈ పని చేయించాలి. మామూలు సర్వీసులో దీనిని ఎవరూ తమంతట తాము చేయరు. నోరు తెరిచి అడిగి చేయించుకోవాలి.

ముంబై బండిని కొనబోయే మన పల్లెవారు రంగు చూసి మురిసిపోక, చిమ్టాను ఊపి చూసి, ఆ బోల్టు తల ఎర్రగా తుప్పు కట్టి ఉన్నదేమో గమనించి బేరం మొదలుపెట్టాలి. ఇతర రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే, అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించుకోవాలన్నది చట్టం. ఆ కాగితాల పని ఎలాగూ ముంబైలో మొదలు కావలసిందే గనుక, బండిని పార్సిలు పెట్టెకు ఎక్కించే ముందు ఈ బోల్టు పని కూడా అక్కడే ముగించి పంపమని మన పిల్లలకు చెప్పడం మంచిది. విడి భాగాలు దొరికేది అక్కడే, ఊరికి వచ్చిన నాటి నుంచి ఆ బండి మీద కూర్చునేది మన ఇంటివారే.